సీటీఏ 102, డిసెంబరు 2016: ఒక దొంగ మార్పు, ఒక నిజమైన మార్పు

2016 డిసెంబరు 23 సాయంత్రం మా పొలంలోని ఇరవై సెంటీమీటర్ల టెలిస్కోపుతో తీసిన చిత్రాల్లో సీటీఏ 102 అనే క్వేజార్ (దూరపు గెలాక్సీ మధ్యన అమితంగా వెలిగే కేంద్రం) గంటన్నర వ్యవధిలో 0.05 మాగ్నిట్యూడ్ (ప్రకాశపు కొలమానం; అంకె తగ్గే కొద్దీ వస్తువు ప్రకాశవంతం) మేర మసకబారినట్టు కనిపించింది. ఐదు రోజుల తర్వాత, 28వ తేదీ సాయంత్రం, అదే క్వేజార్ అరగంటలో 0.07 మాగ్నిట్యూడ్ మేర ప్రకాశం పెంచుకుంది. మొదటిది నా పొరపాటు పుట్టించిన మార్పు, రెండవది ఆ క్వేజార్‌లో జరిగిన మార్పు. గ్రాఫు మీద పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం మొదటిదే నున్నగా, ఒద్దికగా, నమ్మబుద్ధేసేలా ఉంటుంది. రెండవదాని చుక్కలు చెదిరి, చూడగానే అనుమానం కలిగేలా ఉంటాయి. మొదటి రాత్రి తప్పు ఎక్కడ జరిగింది, రెండవ రాత్రి ఫలితాన్ని ఏ ఆధారంతో నమ్మాను అన్న రెండు ప్రశ్నలకే ఈ కేస్ స్టడీ పరిమితం.

వస్తువు గురించి

సీటీఏ అంటే కాల్‌టెక్ రేడియో ఖగోళ శాస్త్రజ్ఞులు 1960లో ప్రచురించిన మొదటి జాబితా; అందులో 102వ అంశం ఇది. ఆకాశంలో దీని చోటు పెగాసస్ రాశిలో, మనం పూర్వాభాద్ర అని పిలిచే జంట తారల్లో దక్షిణాన ఉన్నదానికి ఎనిమిది డిగ్రీల పైచిలుకు పడమరగా, హోమామ్ అనే తారకు రెండున్నర డిగ్రీల లోపు దూరంలో ఉంటుంది. దీని రెడ్‌షిఫ్ట్, అంటే విశ్వం వ్యాకోచించడం వల్ల కాంతి ఎరుపు వైపు సాగిన మేర, 1.037. అంటే ఇప్పుడు మనకు చేరుతున్న కాంతి అక్కడి నుంచి బయలుదేరి దాదాపు 800 కోట్ల సంవత్సరాలైంది. అప్పటికి మన భూమి గానీ సూర్యుడు గానీ పుట్టనే లేదు.

క్రియాశీల గెలాక్సీ కేంద్రంలో ఒక మహా కృష్ణబిలం ఉంటుంది, దాని చుట్టూ పళ్ళెంలా తిరుగుతూ వేడెక్కే వాయువు ఉంటుంది, కొన్నింటిలో ఆ పళ్ళేనికి నిలువుగా ఇరువైపులా దాదాపు కాంతివేగంతో చిమ్ముకొచ్చే జెట్‌లు ఉంటాయి. ఆ జెట్‌లలో ఒకటి ఇంచుమించు సూటిగా మన వైపుకే గురిపెట్టి ఉంటే అటువంటి వస్తువును బ్లేజార్ అంటారు. సీటీఏ 102 ఒక బ్లేజార్. బ్లేజార్ల విషయంలో టెలిస్కోపుకు చేరే కాంతిలో అధిక భాగం గెలాక్సీలోని తారలది కాదు, జెట్‌ది. అందువల్లే కోటానుకోట్ల తారల మొత్తానికి అసాధ్యమైన వేగంతో వీటి ప్రకాశం మారుతుంది.

ఈ వస్తువుకు మార్పుల విషయంలో ఒక విచిత్రమైన చరిత్ర ఉంది. 1964లో సోవియట్ శాస్త్రజ్ఞుడు కర్దాషెవ్ దీన్ని వేరే నాగరికత పంపే సంకేతం అయ్యే అవకాశం ఉన్న రేడియో మూలాల్లో ఒకటిగా సూచించారు. మరుసటి ఏడాది షోలొమిట్స్కీ దీని రేడియో తీవ్రత సుమారు వంద రోజుల కాలంలో హెచ్చుతగ్గులవుతోందని ప్రకటించడంతో గ్రహాంతర జీవుల వార్త పత్రికలకెక్కింది. ఇతర రేడియో పరిశీలకులు అప్పట్లో ఆ మార్పును ధ్రువీకరించలేకపోయారు; అంత దూరంలో ఉన్న అంత పెద్ద వస్తువు అంత త్వరగా మారడం ఎలా సాధ్యమన్నది అప్పటి అభ్యంతరం. గ్రహాంతర జీవుల కథ త్వరలోనే ముగిసింది. ఈ తరగతి వస్తువుల్లో మార్పు నిజమేనన్న సంగతి మాత్రం తరువాతి కాలంలో స్థిరపడింది. ఒక మార్పును ప్రకటించడానికీ దాన్ని నమ్మించడానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో ఈ వస్తువు నేను పుట్టక ముందే చూపించిందన్నమాట.

2016 శీతాకాలంలో దీని ప్రకాశం అనూహ్యంగా పెరిగింది. డిసెంబరు 28న ఆర్ ఫిల్టరులో (ఎర్ర కాంతిని మాత్రమే పోనిచ్చేది) 10.82 మాగ్నిట్యూడ్‌కు చేరిందని ప్రపంచవ్యాప్త బ్లేజార్ పరిశీలకుల కూటమి తరువాత నమోదు చేసింది. దీని అత్యంత మసక స్థితితో పోలిస్తే అది ఆరు మాగ్నిట్యూడ్‌ల తేడా, అంటే సుమారు 250 రెట్లు. అదే నెలలో ఫెర్మి ఉపగ్రహం దీని నుంచి బలమైన గామా కిరణాల విజృంభణలను కూడా గమనించింది. ఖగోళ పరిశీలకులు తాజా సంగతులు పంచుకునే ఆస్ట్రనామర్స్ టెలిగ్రామ్‌లో వరసగా వస్తున్న సూచనలు చదివి, మామూలు రోజుల్లో నా టెలిస్కోపుకు అందని ఈ వస్తువు ఇప్పుడు అందుతుందని గ్రహించి, డిసెంబరు మూడో వారంలో మా ఊరికి బయలుదేరాను.

చోటు, పరికరం, అందుబాటులో ఉన్న సమయం

మా పొలం వరంగల్‌కు దగ్గరలో, సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు చివరిలో అక్కడ సాయంత్రం 7 గంటలకు పూర్తి చీకటి పడేసరికే సీటీఏ 102 నడినెత్తి దాటి పడమటికి వాలి, నేల నుంచి దాదాపు 49 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. 8:25కు అది 30 డిగ్రీలకు దిగుతుంది, 9 దాటేసరికి 20కి చేరుతుంది. పదకొండో మాగ్నిట్యూడ్ వస్తువు గనుక పూర్తి చీకటి కోసం ఆగకుండా 6:40 నుంచే మొదలుపెట్టవచ్చు. అయినా పనికొచ్చే సమయం రెండు గంటలకు మించదు. పైగా రోజుకు నాలుగు నిమిషాల చొప్పున ఆ కిటికీ మూసుకుపోతూ ఉంటుంది.

ఆ రెండు గంటలకు వాటి విలువ ఉంది. మన దేశంలో సాయంత్రం 8:40 అయ్యేసరికి బల్గేరియాలో ఇంకా సంధ్యవెలుగు ఉంటుంది. అక్కడి టెలిస్కోపులు తెరుచుకోవడానికి మరో గంట పడుతుంది. తూర్పున జపాన్ తన వంతు ముగించే వేళకు మన వంతు వస్తుంది. నిమిషాల్లో మారే వస్తువు విషయంలో ఈ రేఖాంశాల గొలుసులో ఏ లంకె తెగినా ఆ భాగపు కాంతివక్రం (కాలంతో పాటు ప్రకాశం ఎలా మారిందో చూపే గీత) శాశ్వతంగా ఖాళీగానే ఉండిపోతుంది. నైనిటాల్‌లోని ఏరీస్ వంటి ఖగోళ పరిశోధనా సంస్థలు ఏళ్ళ తరబడి బ్లేజార్ల మీద పనిచేయడం వెనక ఉన్న కారణాల్లో ఈ భౌగోళిక స్థానం కూడా ఒకటి.

నా పరికరం ఇరవై సెంటీమీటర్ల ష్మిట్-కాసెగ్రెయిన్ టెలిస్కోపు, ఒక నలుపు తెలుపు సీసీడీ కెమెరా, బీ (నీలం), వీ (ఆకుపచ్చ-పసుపు), ఆర్ (ఎరుపు) ఫిల్టర్లున్న చక్రం. ఒక చిత్రంలో ముప్పావు డిగ్రీ వెడల్పు ఆకాశం పడుతుంది. ఆర్ ఫిల్టరుతో 11వ మాగ్నిట్యూడ్ వస్తువు నుంచి ముప్పై సెకన్లలో నాకు సుమారు లక్ష ఎలక్ట్రాన్లు చేరతాయని అంచనా; దాని వర్గమూలం దాదాపు 316 కనుక కాంతి లెక్కింపులోని సహజమైన అనిశ్చితి 0.3 శాతమే. గాలి మిణుకుమిణుకు, ట్రాకింగ్ లోపాలు, ఫ్లాట్ ఫ్రేముల (కెమెరా సున్నితత్వంలోని హెచ్చుతగ్గులను సరిదిద్దడానికి సమానమైన వెలుగులో తీసే చిత్రాలు) లోపాలు అన్నీ కలుపుకున్నా ఒక్కో కొలతకు 0.01 మాగ్నిట్యూడ్ ఖచ్చితత్వం ఆశించవచ్చు. ఇదే వస్తువు 16.5 వద్ద ఉన్నప్పుడు దాని కాంతి 150 రెట్లకు పైగా తగ్గుతుంది, ఆకాశపు వెలుగు దాన్ని మింగేస్తుంది, అప్పుడు 0.07 మార్పు గురించి మాట్లాడటం హాస్యాస్పదం. కాబట్టి ఈ కేసు మొత్తం ఆ వస్తువు కొద్ది వారాల పాటు చూపిన ఔదార్యం మీద ఆధారపడింది.

డిసెంబరు 23: దొంగ మార్పు

ఆ సాయంత్రం నేను ఫిల్టరు వాడలేదు. కారణం చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్పాలి: ఫిల్టరు తీసేస్తే కాంతి రెండు మూడు రెట్లు ఎక్కువ వస్తుంది, కాంతి ఎక్కువైతే ఖచ్చితత్వం పెరుగుతుంది అన్న పాత అలవాటు. మసక వస్తువులకు ఆ ఆలోచన కొంతవరకు సరైనదే. వస్తువు ఇంత ప్రకాశంగా ఉన్నప్పుడు కాంతి కొరత అసలు సమస్యే కాదన్న సంగతి తట్టలేదు.

రెండో తప్పు పోలిక తార ఎంపిక. ఈ రకమైన కాంతిమాపనంలో వస్తువు ప్రకాశాన్ని విడిగా కొలవరు. అదే చిత్రంలోని ఒక స్థిరమైన తారతో పోల్చి తేడాను మాత్రమే కొలుస్తారు. మబ్బు తెర వచ్చినా, మంచు పట్టినా రెండింటికీ సమానంగా తగ్గుతుంది కనుక తేడా చెక్కుచెదరదన్నది ఆ పద్ధతికి పునాది. సీటీఏ 102 కోసం పరిశోధకులు వాడే ప్రామాణిక పోలిక తారలను ఎంచింది అది మామూలు స్థితిలో ఉన్నప్పటి ప్రకాశానికి తగినట్టు. ఇప్పుడు క్వేజారే వాటిని మించిపోయింది. అందువల్ల నేను అదే చిత్రంలో ఉన్న మరింత ప్రకాశవంతమైన ఒక తారను పోలికకు తీసుకున్నాను. దాని రంగు చూడలేదు. అది నారింజ రంగు తార అని తరువాత కేటలాగు చూస్తే తెలిసింది.

ఆ రాత్రే లాప్‌టాప్‌లో తొలి కాంతివక్రం గీసుకున్నప్పుడు, మొదటి అరగంట దాదాపు నిలకడగా ఉండి ఆ తర్వాత క్రమంగా కిందికి జారుతున్న ఒక అందమైన వాలు కనిపించింది. ఒక్కో చుక్క పక్క చుక్కకు 0.008 మాగ్నిట్యూడ్ లోపే ఉంది. మొత్తం జారుడు 0.05. ఎంతో పొందికగా ఉన్న ఆ గీతను చూసి నేను రాత్రి పదకొండు వరకు నిద్రపోలేదు.

తెల్లవారాక చేసిన మొదటి పని, ఆ పోలిక తారతోనే అదే చిత్రంలోని మరో నాలుగు తారలను కొలవడం. నాలుగింటిలో మూడు తారలు కూడా క్వేజార్‌తో పాటే మసకబారాయి. ఒకటి 0.03, ఒకటి 0.04, ఒకటి 0.06. నాలుగోది నిలకడగా ఉంది; దాని రంగు కూడా నారింజే. ఇక సందేహానికి తావు లేదు. క్వేజార్ మసకబారలేదు. క్వేజార్ కంటే ఎరుపుగా ఉన్న పోలిక తార, పడమటికి వాలుతున్న కొద్దీ మిగతా వాటికంటే తక్కువగా మసకబారింది, అంతే.

దీని వెనక ఉన్న భౌతిక శాస్త్రం మనకు రోజూ సాయంత్రం సూర్యుడే చూపిస్తాడు. వాతావరణం నీలి కాంతిని ఎక్కువగా, ఎర్ర కాంతిని తక్కువగా చెదరగొడుతుంది. నడినెత్తిన ఉన్న గాలి మందాన్ని 1 అనుకుంటే, 49 డిగ్రీల ఎత్తులో అది 1.3, 25 డిగ్రీల ఎత్తుకు వచ్చేసరికి 2.4 దగ్గర ఉంటుంది. ఫిల్టరు లేకుండా తీసిన చిత్రంలో నీలం నుంచి పరారుణం దాకా అన్ని రంగులూ కలిసే పడతాయి గనుక, నీలి కాంతి వాటా ఎక్కువ ఉన్న వస్తువు కిందికి దిగే కొద్దీ ఎక్కువగా నష్టపోతుంది. అదే ఇరుకైన ఆర్ ఫిల్టరు వాడి ఉంటే ఈ భేదం దాదాపు మాయమయ్యేది. పోలిక పద్ధతి మబ్బుల నుంచి కాపాడుతుంది గానీ రంగు భేదం నుంచి కాపాడదు. ఈ మాట పాఠ్యపుస్తకంలో చదివి, పరీక్షలో రాసి కూడా, పొలంలో మరిచిపోయాను.

చుక్కలు నున్నగా ఉండటం గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. పరిశీలకుల్లో చాలామంది చెదురు తక్కువగా ఉన్న కాంతివక్రాన్ని ఎక్కువగా నమ్ముతారు, నేనూ నమ్మాను. కానీ చెదురు యాదృచ్ఛిక దోషాన్ని మాత్రమే చెబుతుంది. గాలి మందంతో పాటు ఒకే దిక్కుకు లాగే దోషం ఎంతటి నున్నని గీతనైనా గీయగలదు. ఎత్తు తగ్గే కొద్దీ ఒకే దిక్కుకు సాగే ఏ మార్పునైనా సరే, ముందు అబద్ధమనే అనుకుని మొదలుపెట్టడం మంచిదన్నది అప్పటి నుంచి నా అభిప్రాయం.

డిసెంబరు 28: ఏర్పాట్లు, పరిశీలన

24 నుంచి 27 వరకు రెండు రాత్రులు పలుచని మబ్బు, రెండు రాత్రులు పరికరం సర్దుబాటుకే సరిపోయాయి. 28 నాటికి అమావాస్య కూడా కలిసి వచ్చింది; ఖచ్చితమైన అమావాస్య క్షణం మరునాటి మధ్యాహ్నం. పడమటి ఆకాశంలో కాంతినిచ్చేది శుక్రుడొక్కడే, కొంచెం పైన కుజుడు. శుక్రుడి కాంతి టెలిస్కోపు గొట్టంలోకి పక్క నుంచి పడకుండా అట్టముక్కతో ఒక తొడుగు చేసి తగిలించాను. అద్దం మీద మంచు పట్టకుండా అదే తొడుగు కొంత మేలు చేసింది.

పోలిక తారలను ఈసారి పగటి పూటే ఎంచుకున్నాను. బహిరంగంగా దొరికే కేటలాగుల నుంచి ఆ చిత్రక్షేత్రంలోని తారల బీ, వీ ప్రకాశాలు తీసుకుని, క్వేజార్ రంగుకు దగ్గరగా ఉన్న మూడింటిని ఎంపిక చేశాను. రెండు పోలికకు, ఒకటి తనిఖీకి. తనిఖీ తార అంటే క్వేజార్‌లాగే కొలిచే, కానీ మారదని మనం ఆశించే తార. అది కదిలితే ఆ రాత్రి ఫలితాలన్నీ పక్కన పెట్టేయాలి. క్వేజార్ ప్రకాశానికి వీలైనంత దగ్గరగా ఉన్న తారనే తనిఖీకి పెట్టాను, ఎందుకంటే మరీ ప్రకాశవంతమైన తార నిలకడగా ఉండటం దాని కంటే మసకైన క్వేజార్ గురించి ఏమీ నిరూపించదు.

ఆర్ ఫిల్టరు, ముప్పై సెకన్ల ఎక్స్‌పోజరు. అరవై సెకన్లు పెట్టవచ్చు గానీ, ఈ ప్రకాశం వద్ద మధ్య పిక్సెల్ ఇరవై వేల ఎలక్ట్రాన్లను సమీపిస్తుంది. నా కెమెరాలో ఒక్కో పిక్సెల్ సామర్థ్యం పాతిక వేలే. ఆ గట్టు దగ్గరకు వెళ్తే కెమెరా సూటిగా లెక్కించదు, క్వేజార్ మరికొంత పెరిగితే ఆ పెరుగుదలను తక్కువ చేసి చూపిస్తుంది. విజృంభణలో ఉన్న వస్తువుకు పైకి వెళ్ళడానికి ఎప్పుడూ జాగా వదలాలి. ట్రాకింగ్ కూడా పరిశీలన మొత్తంలో వస్తువు పది పిక్సెళ్ళకు మించి జరగకుండా సరిచేశాను. ఫ్లాట్ ఫ్రేములు ఎంత బాగున్నా, కెమెరాలోని వేరు వేరు చోట్ల సున్నితత్వం ఒకేలా ఉందని ప్రమాణం చేయలేను.

6:42కు మొదటి చిత్రం తీశాను. వరసగా తీస్తుండగా, కెమెరా పని చెడకుండా పక్కనే ఉన్న చిన్న టెలిస్కోపును మా బాబాయికి చూపించాను. అందులో క్వేజార్ చాలా మసకగా, పక్కచూపుతో చూస్తే మాత్రమే తెలిసే చుక్క.

"ఎంత దూరంరా అది?"

"ఆ వెలుగు బయలుదేరినప్పుడు భూమే లేదు బాబాయ్."

"అయితే అది ఇప్పుడు ఉన్నదో లేదో." ఆయన చలిమంట దగ్గరకు వెళ్ళిపోయారు.

ఆ చలిమంట తరువాత నాకు ఉపయోగపడింది. 7:20 ప్రాంతంలో గాలి మారి పొగ టెలిస్కోపు ముందు నుంచి పడమటికి సాగింది. ఆరు నిమిషాల పాటు చిత్రంలోని అన్ని తారల ముడి లెక్కలూ ఐదో వంతు మేర పడిపోయాయి. అదే సమయంలో క్వేజార్‌కూ పోలిక తారలకూ మధ్య తేడా 0.01 లోపే నిలిచింది. ఏ ప్రయోగశాలలోనూ కావాలని ఏర్పాటు చేసుకోలేని పరీక్ష అది. నా పద్ధతి పొగను తట్టుకుంటోందని ఆ పొగే చెప్పింది.

7:35 నుంచి 8:05 మధ్య క్వేజార్ 0.07 మాగ్నిట్యూడ్ పెరిగింది, అంటే సుమారు 6.7 శాతం. ఆ తర్వాత 8:30 వరకు ఆ స్థాయిలోనే కాస్త ఊగుతూ నిలిచింది. 8:40కు ఎత్తు 27 డిగ్రీలకు దిగింది, తనిఖీ తార చెదురు 0.02కు పెరిగింది, అక్కడితో ఆపేశాను.

ఎందుకు నమ్మాను

తనిఖీ తార ఆ అరగంటలో 0.01 లోపే ఉంది. అది ఒక్కటే చాలదు. 23నాటి అనుభవం తర్వాత మరో ఐదారు విధాలుగా ఆ పెరుగుదలను పడగొట్టే ప్రయత్నం చేశాను. రెండు పోలిక తారలను విడివిడిగా వాడి రెండు కాంతివక్రాలు గీశాను, రెండింటిలోనూ పెరుగుదల ఒకే క్షణంలో మొదలైంది. కాంతిని లెక్కించే వలయం వ్యాసార్థాన్ని మూడు పరిమాణాల్లో మార్చాను. చుక్కల ఆకారం గాలి వల్ల ఉబ్బడం మార్పుకు కారణమై ఉంటే చిన్న వలయంలో ఒక ఫలితం, పెద్ద వలయంలో మరో ఫలితం రావాలి, అలా రాలేదు. బేసి సంఖ్య చిత్రాలను, సరి సంఖ్య చిత్రాలను వేరు చేసి చూశాను, రెండింటిలోనూ అదే ఎక్కుడు కనిపించింది.

అయితే నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఒప్పించింది మార్పు తీరు. గాలి మందం రాత్రంతా ఒకే దిక్కుకు, క్రమంగా పెరుగుతుంది. దాని వల్ల వచ్చే దోషం కూడా ఒకే దిక్కుకు సాగాలి. ఈ క్వేజార్ నిలకడగా ఉండి, పెరిగి, మళ్ళీ నిలకడ పడింది. వాలే సూర్యుడికి గానీ వాలే తారకు గానీ మధ్యలో ఆగి ఎక్కి మళ్ళీ ఆగే అలవాటు లేదు. ఆ డిసెంబరులోనే బల్గేరియా పరిశీలకులు ఈ క్వేజార్‌లో అరగంటకు 0.2 మాగ్నిట్యూడ్ వరకు మార్పులను నమోదు చేశారని తరువాత చదివాను. దానితో పోలిస్తే నేను చూసింది చిన్నదే, అసాధారణం కాదు.

ఒక దోషం మాత్రం తరువాత బయటపడింది. పొలంలో ఇంటర్నెట్ లేక లాప్‌టాప్ గడియారం దాదాపు మూడు నిమిషాలు వెనకబడింది. ఫోనులోని సమయంతో పోల్చుకున్న ఒక చిత్రం ఉండబట్టి అన్ని సమయాలనూ సరిదిద్దగలిగాను, ఈ వ్యాసంలోనివి సరిదిద్దినవే. గంటల తరబడి సాగే మార్పుకు మూడు నిమిషాలు లెక్కలోకి రావు, కానీ నిమిషాల్లో సాగే మార్పును వేరే రేఖాంశం వారి కొలతలతో కలపాలంటే అదే మూడు నిమిషాలు కొంప ముంచుతాయి. సమయాన్ని జూలియన్ దినంలో (ఖగోళ శాస్త్రజ్ఞులు నెలలు, సంవత్సరాలు లేకుండా వరసగా లెక్కించే రోజుల సంఖ్య) రాసుకోవడం మరో రక్షణ; ఆ దినం మన గడియారంలో సాయంత్రం 5:30కు మారుతుంది గనుక ఆ సాయంత్రమంతా 2457751 అన్న ఒకే అంకె కింద ఉంటుంది, తేదీల తికమక ఉండదు.

అరగంట ఏమి చెబుతుంది

ఒక వస్తువు తన కొలత మొత్తం మీదుగా కాంతి ప్రయాణించే సమయం కంటే త్వరగా తన ప్రకాశాన్ని ఒక్కసారిగా మార్చుకోలేదు. ఒక అంచున జరిగిన మార్పు కబురు రెండో అంచుకు అంతకంటే ముందు చేరదు. అరగంటలో కాంతి 54 కోట్ల కిలోమీటర్లు వెళ్తుంది, అది సూర్యుడి నుంచి గురుగ్రహం వరకు ఉన్న దూరం కంటే తక్కువ. రెడ్‌షిఫ్ట్ వల్ల మన అరగంట అక్కడ పావుగంట కంటే తక్కువ, కాబట్టి ఆ దూరం సగమవుతుంది. మరోవైపు జెట్ మన వైపు దాదాపు కాంతివేగంతో వస్తుండటం వల్ల అక్కడ ఎక్కువసేపు జరిగింది మనకు కుదించుకుపోయి కనిపిస్తుంది. ఆ కుదింపును ఇరవై రెట్లు అనుకుంటే పరిమితి సుమారు 530 కోట్ల కిలోమీటర్లకు పెరుగుతుంది. సూర్యుడి నుంచి నెప్ట్యూన్ దూరం 450 కోట్లు. వంద కోట్ల సూర్యుల ద్రవ్యరాశి ఉన్న కృష్ణబిలం హద్దు వ్యాసార్థం దాదాపు 300 కోట్ల కిలోమీటర్లు. అంటే ఒక గెలాక్సీ మొత్తాన్ని మించి వెలుగుతున్న ఆ విజృంభణలో కొంత భాగం మన సౌరకుటుంబమంత చోటు నుంచి వస్తోంది.

"కొంత భాగం" అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. నేను చూసింది 6.7 శాతం మార్పు, రెట్టింపు కాదు. మొత్తం కాంతినిచ్చే ప్రాంతం అంత చిన్నదని దీని నుంచి చెప్పలేం. పెద్ద ప్రాంతంలో ఒక చిన్న ముక్క తాత్కాలికంగా మండినా ఇదే గీత వస్తుంది. అరగంట మార్పు చూసి మొత్తం జెట్‌కు కొలత కట్టేయడం ఔత్సాహికులు తరచుగా చేసే తప్పు, అప్పుడప్పుడు నిపుణులు కూడా.

నెలల తరబడి సాగిన ఆరు మాగ్నిట్యూడ్‌ల పెరుగుదలకు ఆ పరిశీలక కూటమి 2017లో నేచర్ పత్రికలో ఇచ్చిన వివరణ, జెట్ మెలికలు తిరిగి ఉందని, అందులో కాంతినిచ్చే భాగం తిరుగుతూ మన చూపుకు మరింత సూటిగా వచ్చిందని. అక్కడ కొత్తగా ఏదీ మండనక్కరలేదు, దిశ మారితే చాలు. ఇది వినడానికి తేలికైన వివరణలా ఉన్నా, లెక్క వేస్తే దాని బలం తెలుస్తుంది. జెట్ వేగం కాంతివేగానికి ఎంత దగ్గరో చెప్పే లారెంజ్ అంకె 20 అనుకుందాం. మన చూపుకు 5 డిగ్రీల పక్కగా ఉన్నప్పుడు కాంతిని పెంచే డాప్లర్ అంకె 10. పూర్తిగా సూటిగా వస్తే 40. ప్రకాశం ఆ అంకె నాలుగో ఘాతంతో మారుతుందనుకుంటే నాలుగు రెట్ల తేడా 256 రెట్లవుతుంది. చేయి చాచి పిడికిలి పడితే దాని వెడల్పు పది డిగ్రీలు. అందులో సగం కదలికతో ఆ చరిత్రాత్మక విజృంభణ మొత్తం వచ్చేస్తుంది. అంకెలు నేను సులువు కోసం ఎంచుకున్నవే, అయినా స్థాయి సరైనదే.

పోటీ వివరణలు లేకపోలేదు. జెట్ దారిలోకి వచ్చిన ఒక వాయుమేఘాన్ని జెట్ క్రమంగా ఒలిచేస్తూ దాన్ని మండించిందని మరో బృందం ప్రతిపాదించింది. జెట్‌లో కదిలే అఘాత తరంగం (పదార్థాన్ని ఒక్కసారిగా నొక్కుతూ సాగే షాక్ తరంగం) స్థిరంగా ఉన్న మరో అఘాతాన్ని దాటిందని రేడియో చిత్రాలు తీసిన వారు వాదించారు. నా వరకు నెలల వాలును మెలిక వివరణ చక్కగా చెబుతుందనిపిస్తుంది, కానీ అరగంట మిణుకును అది చెప్పలేదు. అంత బరువైన జెట్ భాగం పావుగంటలో దిశ మార్చుకుంటుందనడం కంటే, లోపల అల్లకల్లోలంగా ఉన్న చిన్న చిన్న ముక్కలు ఒక్కొక్కటిగా వెలిగి ఆరుతున్నాయనడం సబబు. ఒకే ఫిల్టరులో తీసిన నా కొలతలు ఈ రెండింటి మధ్య తీర్పు చెప్పలేవు. అదే అరగంటలో కాంతి ధ్రువణాన్ని (కాంతి తరంగాలు ఏ దిశలో కంపిస్తున్నాయన్నది) కూడా ఎవరైనా కొలిచి ఉంటే ఆ తీర్పుకు దారి దొరికేది. చిన్న ముక్క మండితే ధ్రువణ కోణం కూడా చప్పున తిరగాలి.

తరువాత

జనవరి మొదటి వారం వరకు మరో మూడు సాయంత్రాలు కొలిచాను. రెండింటిలో ఏ మార్పూ లేదు, మూడోది మబ్బుకు బలి అయింది. ఫిబ్రవరి చివరికి సూర్యుడు ఆ ప్రాంతానికే చేరడంతో వస్తువు పగటి వెలుగులో మునిగింది. వర్షాకాలం దాటాక అక్టోబరులో, అదే టెలిస్కోపుతో అదే ఆర్ ఫిల్టరుతో ఆ చోటును మళ్ళీ తీశాను. ముప్పై సెకన్ల చిత్రంలో క్వేజార్ ఉన్న చోటును మ్యాపు చూసి గుర్తించాల్సి వచ్చింది. పోయిన డిసెంబరులో అది వెక్కిరించిన ప్రామాణిక పోలిక తారలు ఇప్పుడు దానికంటే ప్రకాశంగా ఉన్నాయి. ఇరవై చిత్రాలను కలిపితే గానీ చుక్క స్పష్టపడలేదు, కలిపాక కూడా కొలతలోని అనిశ్చితి 0.07 కంటే ఎక్కువే వచ్చింది.